బావి మోటారు షాఫ్టు

మా బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది. దాని మోటారును మాత్రం నాయన అమ్మలేదు. కొట్టంలో వేరుశనగ సంచుల పక్కన, పాత దుప్పటి కప్పి ఉంచాడు. పాత ఇనుము కొనేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడల్లా వెళ్లి ఆ దుప్పటిని ఇంకొంచెం కిందికి లాగి వచ్చేవాడు. బావిలో నీళ్లు పడితే మళ్లీ బిగించాలన్నది ఆయన ఆశ. లోపలి వైండింగు కాలిపోయిందని ఆయనకూ తెలుసు. లోపల తిరిగే ఇరుసు, షాఫ్టు, మాత్రం కొత్తదానిలా ఉంది. నాకు కావలసింది ఆ షాఫ్టే.

నా దగ్గర ఒక చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ ఉంది. డిప్లొమా అయ్యాక సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కుట్టుమిషన్ బల్లంత ఉంటుంది. దానితో చెక్క మీద ఇంటి పేర్లు, పెళ్లి బోర్డులు, పటాల చట్రాలు చెక్కి ఇస్తుంటాను. కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు పెద్ద పని కాబట్టి ఆర్డర్లన్నీ ఫోన్లో మెసేజీలుగానే తీసుకుంటాను. ముదిగుబ్బ నుంచి, కదిరి నుంచి “అన్నా, బోర్డు అయిందా” అని రాస్తారు. “అయింది” అని రాస్తాను. నేను అన్నను కాదని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మెషిన్ చెక్కుతున్నంతసేపూ పక్కన కూర్చుని నవల చదువుకుంటాను. కట్టర్ మొద్దుబారితే శబ్దం మారుతుంది. పేజీలోంచి తల ఎత్తకుండానే నాకు తెలిసిపోతుంది.

ఆ కట్టర్ కుడి ఎడమలకు, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదులుతుంది. పలక మీద ఏదైనా చెక్కుతుంది. గుండ్రటి దుంగ పెడితే మాత్రం దాని నెత్తి ఒక్కటే అందుతుంది. పక్కలూ అడుగూ చెక్కాలంటే, దుంగను కొలత ప్రకారం కొంచెం కొంచెంగా తిప్పే ఏర్పాటు ఇంకొకటి ఉండాలి. దాన్ని రోటరీ యాక్సిస్ అంటారు. బజార్లో దొరుకుతుంది. కానీ నేనే చేసుకోగలనని నాకు తెలుసు.

దాని అవసరం చేనులోంచి వచ్చింది. నాయన ఆ ఏడు పై చేనులో వేరుశనగ మాని కొర్ర వేద్దామనుకున్నాడు. మాకు చేత్తో తోసుకుంటూ పోయే ఒంటిసాలు విత్తే బండి ఉంది. దాని విత్తనాల పెట్టె అడుగున ఒక రోలరు తిరుగుతుంది. రోలరు చుట్టూ గుంతలుంటాయి. ఒక్కో గుంత ఒక్కో గింజను పట్టుకుని, కిందికి తిరగగానే సాలులో వదిలేస్తుంది. ఆ గుంతలు వేరుశనగ విత్తనానికి చేసినవి. కొర్రలు పోస్తే గుప్పెడేసి పడేవి. కొర్రకు సరిపోయే రోలరు చెక్కతో నేను చేసిస్తానని, చెక్కేటప్పుడు దుంగను తిప్పే ఇరుసుగా మోటారు షాఫ్టు కావాలని అడిగాను.

నాయన గొర్రెలకు నీళ్లు పెట్టి వచ్చి, కాళ్లు కడుక్కుని, అప్పుడు చెప్పాడు.

“తీసుకో. కోసేది లేదు, బెజ్జమేసేది లేదు. ఈ తూరి నీ రోలరుతోనే ఇత్తనం పడల్ల. పడకపోతే షాఫ్టు మళ్లా మోటార్లోకే పోవల్ల.”

సరేనన్నాను.

ముదిగుబ్బలో లేత్ షాపు నడిపే చాచా దగ్గరికి మోటారు తీసుకెళ్లాం. మీ అన్న ఏమన్నా పంపినాడా పాపా అని ఆయన నన్నడిగాడు. పని నాదేనని చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. చెప్పాక ఆయన పని మొదలుపెట్టాడు. మోటారులో తిరిగే భాగాన్ని, రోటరును, ప్రెస్సులో పెట్టి ఊడదీసి, షాఫ్టును గుడ్డలో చుట్టి ఇచ్చాడు. బేరింగులు గరగరమంటున్నాయి, మార్చుకోమన్నాడు.

షాఫ్టుకు బెజ్జం వేయకూడదు. వేస్తే, చెక్కే దుంగను దానికి స్క్రూతో బిగించడం తేలికయ్యేది. కానీ షాఫ్టు కొసన ఒక గాడి ముందే ఉంది. నీళ్లు తోడిన రోజుల్లో పంపు చక్రం అక్కడ కూర్చునేది. గాడిలో చిన్న ఇనుప ముక్క దూరిస్తే చక్రం జారకుండా షాఫ్టుతో పాటే తిరిగేది. ఆ ముక్కను కీ అంటారు. నా రోలరు దుంగ బెజ్జంలోనూ అలాంటి గాడే తీసి, ఆ కీతోనే నిలపాలని నిర్ణయించుకున్నాను.

కొత్త బేరింగులు కూర్చోవడానికి వేపచెక్క దిమ్మెలు రెండు నా మెషిన్ మీదే చెక్కుకున్నాను. పాడైన జిరాక్స్ మెషిన్లోంచి ఒక స్టెప్పర్ మోటారు దొరికింది. అది గిర్రున తిరిగేది కాదు, చెప్పినంత మేర తిరిగి ఆగేది. పళ్ల బెల్టుతో దాన్ని షాఫ్టుకు కలిపాను. మెషిన్ అడుగు పలక ఊడదీసి, ఆ ఖాళీలో అంతా దించి బిగించాను.

మొదటి దుంగ మీద గుంతలు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. లెక్క తప్పలేదు. బెల్టులో కొంచెం ఆట, అంటే వదులు, ఉంది, అందుకే కట్టర్ ఒత్తగానే దుంగ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోంది. షాఫ్టుకు తాడు చుట్టి, దాని కొసకు పాత తూకపు గుండు వేలాడదీశాను. ఆ బరువుకు బెల్టు ఎప్పుడూ ఒకవైపే లాగి ఉంటుంది. ఆట పోయింది. గుంతలు గుండ్రంగా వచ్చాయి.

అమ్మ వచ్చి గుండును చూసింది. “మెషిన్‌కు గంట కట్టినావేమే, ఎద్దుకు కట్టినట్ల.”

అసలు రోలరును ఎద్దులు లాగే మా పాత గొర్రు అడ్డదిమ్మె, దిండులోంచి చేశాను. ఎప్పటిదో తుమ్మచెక్క, రాయిలా ఉంది. సంచిలోంచి కొర్రలు తీసి, గింజను కొలిచి, గుంతలు చెక్కాను. విత్తే బండిలో బిగించి, అరుగు మీద పెట్టి తిప్పితే, తిప్పిన ప్రతిసారీ గుంతకు రెండు మూడు గింజలు, అంతకు మించి లేదు. నాయన కూడా చేత్తో తిప్పి చూసి “ఊఁ” అన్నాడు.

తర్వాత వాన పడింది. మర్నాడు పొద్దున నాయన చేనుకు పోయి, మట్టి పిడికిట్లో నొక్కి చూసి, పదును బాగుందని వచ్చాడు. అమ్మ చాటలో విత్తనం తెచ్చి పెట్టెలో పోసింది. నాయన బండిని వాకిట్లోనే నాలుగడుగులు తోశాడు. ఒక్కటీ పడలేదు.

అమ్మ పోసింది ఉట్టి కొర్ర కాదు. కొర్ర వేసిన ఏ ఏడూ మేము ఉట్టి గింజ చల్లలేదు. పేడనీళ్లు చిలకరించి, బూడిద, మట్టి పట్టించి, చాటలో ఊపి, గింజను కందిగింజంత ఉండ చేస్తాం. చిన్నప్పటి నుంచీ ఆ చాట ఊపుతూనే పెరిగాను. ఆ వారం ఆ ఉండలు కట్టింది కూడా నా చేతులే. అయినా మెషిన్ ముందు కూర్చునేసరికి సంచిలోని గింజనే కొలిచాను. ఆ గుంతల్లో ఉండ పట్టదు.

“ఉండలు కట్టింది నువ్వే, గుంత కొలిసింది నువ్వే” అంది అమ్మ. “ఇద్దరూ మాట్లాడుకోల్యా?”

నాకూ నవ్వొచ్చింది. నాయన నవ్వలేదు. ఉట్టి విత్తనం వేస్తే చీమలు మోసుకుపోతాయి, పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఆయన చూపు కొట్టం వైపు పోయింది.

“ఏమ్మా, షాఫ్టు మళ్లా బిగించేదేనా?”

“లేదు నాయనా. మధ్యాన్నానికి ఇస్తా” అన్నాను. మా ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం అరుదు.

కొత్త రోలరు చేయడానికి అంత గట్టి చెక్క ఇంకొకటి లేదు. ఉన్నదాన్నే మళ్లీ ఎక్కించి, గుంతలు పెద్దవి చేయాలి. మామూలుగా ఒకసారి ఊడదీసిన దుంగను సరిగ్గా పాత చోటికే తేవడం చాలా కష్టం. కొంచెం పక్కకు జరిగినా, పాత గుంత పక్కన ఇంకో గుంత పడి రోలరు పాడైపోతుంది. స్క్రూతో బిగించి ఉంటే నాకూ అదే జరిగేది. కానీ కీ ఉంది కాబట్టి ఆ రోలరు షాఫ్టు మీదికి ఒక్క తీరులోనే ఎక్కుతుంది. గాడికి గాడి కలిపి నెట్టాను. షాఫ్టును మొదటి గుర్తుకు తిప్పాను. పాత గుంత సరిగ్గా కట్టర్ ముక్కు కిందికి వచ్చి ఆగింది.

చాటలోంచి అన్నిటికన్నా పెద్ద ఉండలు ఏరి కొలిచాను. మొదటి గుంత చెక్కి, మెషిన్ ఆపి, అందులో ఒక ఉండ వేసి, రోలరు తిప్పాను. ఉండ నా అరచేతిలో పడింది. అప్పుడు మిగతావి చెక్కనిచ్చాను. ఆ పూట నవల ముట్టుకోలేదు.

ఎండ తిరగకముందే చేనులో ఉన్నాం. నాయన బండి తోస్తుంటే అమ్మ వెనకాల వంగి, అక్కడక్కడా మట్టి తీసి చూస్తూ వచ్చింది. సాలు కొసకు చేరింది. అక్కడ నడుం నిలబెట్టి, “పడతాండాది, తోయి” అంది. రెండో సాలు నేను తోశాను. చెక్క రోలరు పెట్టెలో టకటకమంటూ తిరుగుతూనే ఉంది. మర్నాటికి పై చేను మొత్తం అయిపోయింది.

కొర్ర మొలిచాక ఇంకో మంచి వాన కురిసింది. నాయన బావిదాకా పోయి వంగి చూసి వచ్చాడు. అడుగున కొంచెం నీళ్లు మెరుస్తున్నాయట. నేను ఒక పెళ్లి వాళ్ల కోసం గుండ్రటి కంబానికి తీగలు చెక్కిస్తున్నాను. మెషిన్ ఆపి, షాఫ్టు విప్పాలా నాయనా అని అడిగాను.

వేలాడుతున్న గుండు తాడును ఆయన చేత్తో పట్టి చూశాడు.

“నీళ్లు నిలిస్తే కొత్త మోటారే తెచ్చుకుందాం. దీన్ని ఈడనే ఉండనీ.”

అని కొట్టంలోకి పోయాడు. వాకిట్లో దుప్పటి దులుపుతున్న చప్పుడు వినిపించింది. నా పని అయిపోయేదాకా దాన్ని భుజం మీద వేసుకుని గడపలో కూర్చున్నాడు. అయిపోయాక లేచి, మెషిన్ మీద నాలుగు వైపులా కిందికి లాగి కప్పాడు.