యాదగిరి ఇంటికొచ్చిన బూడిదరంగు చిలుక

2022 జూలై నెల. ఇస్నాపూర్‌లో రెండు షట్టర్ల గదిలో నా పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. పొద్దున్నే కొండాపూర్, గుమ్మడిదల వైపు ఊళ్లకు వెళ్లి బర్రెలను, మేకలను చూసి వస్తాను. పదకొండు తర్వాత క్లినిక్‌లో కూర్చుంటాను. ఫ్యాక్టరీల వాళ్లు షిఫ్టు దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా కుక్కపిల్లను సంకలో పెట్టుకుని వస్తుంటారు. పక్షుల వైద్యంలో నాకు తెలిసింది కోళ్ల వైద్యమే. కాలేజీలో చిలుకల గురించి చెప్పిన పాఠం అరపూట కూడా సాగలేదు.

ఒక మధ్యాహ్నం యాదగిరి అనే ఆయన టవల్ కప్పిన పంజరంతో వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. కొండాపూర్ మండలంలో సొంత పొలం ఉంది, దాన్ని తమ్ముడు చూసుకుంటాడు. తను ఇరవై ఏళ్లుగా ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. భార్య సుజాతతో ఇస్నాపూర్‌లోనే కిరాయికి ఉంటాడు.

"మేడం, పిట్టకు ఫిట్స్ వస్తున్నయి. జెర సూస్తరా?"

టవల్ తీశాను. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తోక, లేతపసుపు కళ్లు. ఆఫ్రికన్ గ్రే. మన చెట్ల మీద తిరిగే పచ్చ చిలుకల్ని ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం. ఎవరైనా తెస్తే అటవీశాఖకు అప్పగించమని చెప్పి పంపుతాను. ఇది విదేశీ జాతి. దాని నమోదు కాగితాలు యాదగిరి జేబులోనే ఉన్నాయి.

"మా ఫోర్మెన్ మూర్తి సార్‌ది మేడం ఇది. పేరు బాబ్జీ. సార్‌ది కాకినాడ దిక్కు. పెళ్లి చేసుకోలే. పంతొమ్మిదేండ్లు దీన్ని సాదిండు. మూడు నెలల కింద పోయిండు. పోయేటప్పుడు వాళ్ల చెల్లెకు చెప్పిండట, బాబ్జీని యాదగిరికే ఇయ్యమని. బాయిలర్ పని నాకు నేర్పింది ఆయననే. ఇప్పుడు ఇది నా చేతుల సచ్చిపోతే నేనేం మొకం పెట్టుకోవాలె?"

టవల్లో చుట్టి చిలుకను చేతిలోకి తీసుకున్నాను. రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంది. బరువు మూడొందల ఎనభై ఎనిమిది గ్రాములు. ఈ జాతికి అది తక్కువే.

"ఏం పెడుతున్నారు?" అని అడిగాను.

"అన్నీ పెడుతున్న మేడం. పండ్లు, కూరగాయలు, అన్నం, పొద్దుతిరుగుడు గింజలు."

తిండి బాగుంది అని రాసుకున్నాను. మనిషి పోయాడు, ఇల్లు మారింది, దిగులు పెట్టుకుని ఉంటుంది అనుకున్నాను. ఇలాంటప్పుడు మా వాళ్లు వాడే మాట స్ట్రెస్. కారణం దొరకనప్పుడు ఆ మాట మాకు బాగా అక్కరకొస్తుంది. విటమిన్ చుక్కలు రాసిచ్చి పంపేశాను. అది నా తప్పు. ఎంత పెద్ద తప్పో నాలుగు రోజుల్లోనే తెలిసింది.

నాలుగో రోజు పదకొండింటికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అంతకుముందు రోజు రెండుసార్లు, ఆ పొద్దున ఒకసారి బాబ్జీ కర్ర మీద నుంచి కింద పడి కొట్టుకుందట. సుజాత పంజరానికి దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీరన్న చెప్పుండ్రి మేడం ఈనకు. ఆ పిట్ట తెల్లారంగనే సచ్చిపోయిన సార్ గొంతుతోని పిలుస్తది. వంటింట్ల ఒక్కదాన్ని ఉండాలంటే భయమైతది. బొంతపల్లి గుడికాడ ఇడిసిపెడ్దామంటే ఇంటలేడు."

"వదిలేస్తే రెండు రోజులు కూడా బతకదమ్మా. తిండి వెతుక్కోవడం దానికి తెలియదు. కాకులే చంపేస్తాయి" అన్నాను.

యాదగిరి చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి నా ముందు పరిచాడు.

"లాగ్‌షీట్ రాసిన మేడం. మీకు ఏమన్న అక్కరకొస్తదేమో అని."

బాయిలర్ దగ్గర గంట గంటకూ ఆవిరి ఒత్తిడి, నీటి మట్టం రాసిపెట్టే కాగితాన్ని లాగ్‌షీట్ అంటారు. ఆయన అదే పద్ధతిలో చిలుకకు గళ్లు గీశాడు. టైము, పెట్టింది, మిగిలింది, రెట్ట రంగు, మాట్లాడిందా లేదా, పంజరం ఉన్న చోటు. మందు మొదలుపెట్టిన రోజు నుంచి ఒక్క గంట కూడా వదలలేదు. ఆయన డ్యూటీలో ఉన్న గంటలు సుజాత చేతిరాతలో ఉన్నాయి.

మిగిలింది అన్న గడి చదువుతుంటే నాకు సిగ్గేసింది. జామపండు: అంతా మిగిలింది. క్యారెట్: అంతా మిగిలింది. అన్నం: అంతా మిగిలింది. పొద్దుతిరుగుడు గింజలు: ఏమీ మిగల్లేదు. ప్రతి పూటా అదే. ఆయన అన్నీ పెడుతున్న మాట నిజమే. చిలుక తింటున్నది ఒక్కటే. ఆ గింజల్లో కొవ్వే తప్ప క్యాల్షియం దాదాపు ఉండదు. చివరి గడిలో ప్రతి వరుసలోనూ "లోపలి రూము" అని ఉంది.

"మూర్తి గారింట్లో పంజరం ఎక్కడ ఉండేది?"

"బాల్కనీల మేడం. పొద్దుగాల ఎండ సక్కగ పడుతుండె. మా దగ్గర కోతులొస్తయని లోపల పెట్టినం."

"ఆయన చేతి నుంచి ఏమైనా తినేదా?"

"సార్ ఏది తింటే అది తినేది. ఇద్దరు కలిసే తింటుండ్రి."

ఆ మాట పూర్తయ్యేలోపే పంజరంలో చప్పుడైంది. బాబ్జీ వెల్లకిలా పడి ఉంది. రెక్కలు విచ్చుకున్నాయి, గోళ్లు ముడుచుకున్నాయి, మెడ వెనక్కి విరుచుకుపోయింది.

ఆ మెడను చూడగానే నాకు రెండు రోజుల క్రితం కొండాపూర్ దగ్గర చూసిన బర్రె గుర్తొచ్చింది. ఈనిన మర్నాడు మెడ పక్కకు తిప్పి పడిపోయింది. మిల్క్ ఫీవర్ అంటారు. పేరులో ఫీవర్ ఉన్నా జ్వరం ఉండదు. రక్తంలో క్యాల్షియం ఒక్కసారిగా పడిపోవడమే ఆ జబ్బు. నరానికి క్యాల్షియం సీసా ఎక్కిస్తే చూస్తుండగానే లేచి నిలబడుతుంది. అలాంటి బర్రెలను నేను వందల్లో లేపాను. అదే లోటు అరకిలో కూడా లేని ప్రాణిలో నా కళ్లెదుట ఉంటే నాలుగు రోజుల క్రితం పోల్చుకోలేకపోయాను.

హైదరాబాద్‌లో పక్షుల వైద్యం చేసే మా సీనియర్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. రెండు ముక్కల్లో సంగతి చెప్పాను.

"ఆఫ్రికన్ గ్రే అన్నావు కదా, ముందు క్యాల్షియమే అనుమానించాలి. నాలుగు చుక్కల రక్తం తీసిపెట్టుకో. రిపోర్టు కోసం ఆగకు, ఇచ్చేయ్. సెలైన్‌తో పలచన చెయ్. తొందరపడితే గుండె ఆగుతుంది" అని మోతాదు చెప్పారు.

బర్రెలకు వాడే పెద్ద సీసా నుంచే ఇన్సులిన్ సిరంజిలోకి మందు తీశాను. అర ఎంఎల్ కూడా కాదు. యాదగిరి చిలుకను టవల్లో పట్టుకున్నాడు. రెక్క కింది నరం నుంచి రక్తం తీసి, రొమ్ము కండలో మందు మెల్లగా ఎక్కించాను. లోపల మాత్రం భయంగానే ఉంది. అంతకుముందు ఏ చిలుకకూ నేను సూది వేయలేదు.

పది నిమిషాలకు గోళ్లు సడలాయి. ఇంకాసేపటికి మెడ మామూలుగా వాలింది. అరగంటకు బాబ్జీ టవల్లోంచి తల బయటపెట్టి, గది నాలుగు మూలలూ చూసి, నిదానంగా, గోదావరి వాళ్ల యాసలో, పెద్దాయన గొంతుతో అంది:

"ఏమోయ్ యాదగిరీ, గేజి గ్లాసు చూశావా?"

బాయిలర్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపించే గాజు గొట్టాన్ని గేజ్ గ్లాస్ అంటారట. మూర్తి గారు ప్రతి షిఫ్టులోనూ ఆ మాట అడిగేవారట.

"చూసిన సార్" అన్నాడు యాదగిరి, చిలుక కళ్లలోకి చూస్తూ. గుమ్మం దగ్గరి సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుని, మొదటిసారి లోపలికొచ్చి భర్త పక్కన నిలబడింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. ఉండాల్సిన దానిలో సగం క్యాల్షియమే ఉంది.

సూదితో ప్రాణం నిలిచింది, కానీ తిండి మారకపోతే మళ్లీ అదే గతి. నేను రాసిచ్చిన పద్ధతి ఇది: రోజూ పొద్దున అరగంట ఎండ, పంజరంలో ఒక పక్క నీడ ఉండాలి. అద్దం వెనక నుంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అందులో డి విటమిన్ తయారు చేసే గుణం ఉండదు. మునగాకు, తోటకూర, గుమ్మడి, క్యారెట్, పెంకుతో సహా నలిపిన ఉడికించిన గుడ్డు. టీలో ముంచిన బిస్కెట్, మిర్చి బజ్జీ, ఉప్పు, చాక్లెట్ పూర్తిగా బంద్. గింజలు ఒక్కసారిగా ఆపొద్దు, కొద్దికొద్దిగా తగ్గించాలి. కొత్త తిండి నచ్చక చిలుకలు ఆకలితో చచ్చిపోయిన సందర్భాలున్నాయి. రోజూ తూకం వేయాలి, మూడొందల యాభైకి దిగితే మళ్లీ గింజలే పెట్టాలి.

"సమజైంది మేడం. బాయిలర్ మీద ఒక్కసారే లోడ్ పెంచితే అది ఓర్వది. జెర జెర పెంచాలె" అన్నాడాయన.

మిద్దె మీద ఇనుప జాలీతో కోతులు వేలు కూడా దూర్చలేని గూడు కట్టాడు. ఎండ కుదిరింది. క్యాల్షియం సిరప్ చెంచాతో తాగింది. తిండి దగ్గర మాత్రం చిలుక మొండికేసింది. గుమ్మడి ముక్కను ముక్కుతో తీసి పంజరం బయటికి విసిరేది. మునగాకు మీద రెట్ట వేసింది. రెండో వారానికి మూడొందల డెబ్బై రెండు. నాలుగో వారానికి మూడొందల యాభై ఎనిమిది. ఆ రోజు ఫోన్లో యాదగిరి గొంతు నీరసంగా ఉంది. రెండు రోజులు చూసి, కొత్త తిండి ఆపి మళ్లీ గింజలే పెడదామన్నాను.

ఆ రెండో రోజు మధ్యాహ్నం సుజాత ఫోన్ చేసింది.

"మేడం, బాబ్జీ తిన్నది."

"ఏం తిన్నది?"

"జొన్నరొట్టె, మునగాకు పప్పు. ఈన డూటీకి పోయిండు. లాగ్‌షీట్ రాయాలె గదా అని పంజరం ముంగట కూసోనే తింటున్న. మెడ వంకర పెట్టి నా దిక్కే సూస్తున్నది. ఒక తునక ఇచ్చిన, పారేసింది. నేను మళ్ల ఒక బుక్క తిన్న. మళ్ల ఇచ్చిన. గట్ల ఐదారుసార్లు. ఇగ దానంతల అదే ముక్కు బయటికి పెట్టి అడిగింది. రొట్టెల పావు వంతు అయిపోయింది."

మందు సీసా పక్కన పెట్టాను. అప్పుడు అర్థమైంది. చిలుకలు గుంపులో బతుకుతాయి. పక్కవాళ్లు తినని తిండిని అవి నమ్మవు. పంతొమ్మిదేళ్లు మూర్తి గారి కంచం చూసి తిన్న పక్షికి మేం నాలుగు నెలలుగా గిన్నె పెట్టి పక్కకు వెళ్లిపోతున్నాం. "సార్ ఏది తింటే అది తినేది" అని యాదగిరి నాకు ముందే చెప్పాడు. విన్నాను, అందులో ఉన్న మందు నాకు కనపడలేదు. సుజాతకు కనపడింది.

మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నం భోజనం పంజరం ముందే. చిలుక కోసం పప్పులో ఉప్పు మానేసింది. "నెల దినాలు సప్పిడి తిన్న మేడం. మా అమ్మ కోసం గూడ ఇట్ల చెయ్యలే" అని నవ్వేది. మునగాకు తర్వాత గుమ్మడి, గుమ్మడి తర్వాత క్యారెట్, ఆ తర్వాత గుడ్డు. దసరా నాటికి నాలుగొందల పది గ్రాములు. దీపావళి దాటేసరికి నాలుగొందల నలభై. అప్పుడు మళ్లీ రక్తం తీసి పంపాను. క్యాల్షియం ఉండాల్సినంత ఉంది. ఆ రిపోర్టు బల్ల మీద పెట్టి ముగ్గురం చాయ్ తాగాం. మా సీనియర్‌కు ఫోటో పంపితే, "మా దగ్గరికొచ్చిన గ్రేలన్నీ ఇలా బతకలేదమ్మా" అని జవాబిచ్చారు. ఆ పొద్దున క్లినిక్‌లో పడిపోయిన తర్వాత ఇప్పటి వరకు బాబ్జీకి ఒక్క ఫిట్ కూడా రాలేదు.

మరుసటి ఏడు మూర్తి గారి సంవత్సరీకానికి ఆయన చెల్లెలు కాకినాడ నుంచి వచ్చారు. గోళ్లు కత్తిరించడానికి నేనూ ఆ రోజు యాదగిరి ఇంట్లోనే ఉన్నాను. ఆమె పంజరం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అన్నయ్య గొంతు కోసం చాలాసేపు ఎదురుచూశారు. బాబ్జీ ఒళ్లు సవరించుకుంది, కర్ర మీద అటూ ఇటూ నడిచింది. చివరికి గొంతు విప్పింది, సుజాత గొంతుతో:

"ఏందే, జెర ఆగు. రొట్టె కాలుతున్నది."

సుజాత సిగ్గుపడి వంటింట్లోకి పారిపోయింది. ఆ పెద్దావిడ ముందు నవ్వారు, తర్వాత కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "మా అన్నయ్య పోయాక ఇది బతుకుతుందని నేననుకోలేదమ్మా. కొత్త మాటలు కూడా నేర్చిందంటే ఈ ఇంటిని తనదనుకుందన్నమాట" అన్నారు. కాసేపటికి బాబ్జీ ఆమె అన్నయ్య గొంతుతోనూ మాట్లాడింది. ఆమె కోరిక తీరింది.

ఈ కేసు నా పని పద్ధతి మార్చింది. ఏ జంతువు వచ్చినా ఇప్పుడు ఏం పెడుతున్నారని అడిగి ఊరుకోను. ఏం మిగిలిందని అడుగుతాను, ఎక్కడ కట్టేస్తున్నారని అడుగుతాను, ఇంతకుముందు ఎవరి దగ్గర పెరిగిందని అడుగుతాను. తెలియనప్పుడు స్ట్రెస్ అని రాయడం మానేసి, తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తాను. ఇప్పుడు పటాన్‌చెరు, సంగారెడ్డి నుంచి కూడా పక్షుల్ని తెస్తున్నారు. తాతో, పక్కింటాయనో, ఎవరో ఒకరు పోతే చేతికొచ్చిన పక్షులు వాటిలో చాలానే ఉంటాయి. వాళ్లకు మందుల చీటీ రాసిచ్చేటప్పుడు కింద ఒక వరుస చేర్చడం అలవాటైంది. ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు, సుజాత దగ్గర నేర్చుకున్నాను: "గిన్నె పెట్టి వెళ్లిపోకండి. దాని ఎదురుగా కూర్చుని మీరూ తినండి."