జోళ్ళు లేని ఆవిడ కోసం ప్రార్థన

...అందుకే నిన్న సమాధుల తోట నుంచి వచ్చాక ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. ఇవాళ చేస్తాను. మా టీచరమ్మ సోమవారం పొద్దున చనిపోయారు. స్కూలుకి బయల్దేరుతూ, గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కోబోతూ ఒక పక్కకి ఒరిగిపోయారట.

ఆదివారం స్మరణ కూటంలో చదవడానికి నన్ను ఒక పేజీ రాసిమ్మన్నారు. రాసిచ్చాను. అందులో ఆవిడ ఓర్పు, భక్తి అన్నీ ఉన్నాయి. ఇది వేరే. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇది మీకు చెప్పగలుగుతున్నాను.

గార్డెన్ రీచ్ ఓడరేవులో డాకు పనికొచ్చిన తెలుగు కుటుంబాలన్నిటికీ ఆవిడే టీచరమ్మ. ఇంగ్లీషు స్కూల్లో చదివే నాకు తెలుగు మాట్లాడ్డమే తప్ప రాయడం వచ్చేది కాదు. శనివారాలు నా వేలు పట్టుకుని దిద్దించింది ఆవిడే. తెల్ల చీర కింద నల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవారు. వానకి సందుల్లో నీళ్ళు నిలిస్తే వాటిని విప్పి చంకలో పెట్టుకుని నడిచేవారు. కాళ్ళు త్వరగా ఆరతాయి, బూట్లు ఆరవు అనేవారు.

గురువారం మధ్యాహ్నాలు స్త్రీల కూటం. ప్రార్థన అయ్యాక, టీ మరిగేలోగా, ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తీసి అందులో కథలు తెలుగులో చెప్పేవారు. పోయిన శతాబ్దం చివర్లో రాసినవట. ప్రతి కథలోనూ ఒక భార్య, ఒక ఇల్లు, ఒక తలుపు గడియ. ఒకదాంట్లో మొగుడు పనికెళ్తూ రోజూ పెళ్ళాం జోళ్ళు ట్రంకులో పెట్టి తాళం వేస్తాడు. ఒక పొద్దున ఆవిడ వట్టి కాళ్ళతో వంటింటి తలుపు తీసుకుని వానలోకి వెళ్ళిపోతుంది. కథ అక్కడితో సరి.

ఎవరూ లేవలేదు. టీచరమ్మ ఇంటి కింద వాటాలో ఉండే క్రేను డ్రైవరు భార్య, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అడిగింది.

"మరెక్కడికెల్లిందమ్మా? ఏటైనా తిన్నాదా?"

టీచరమ్మ తెలీదన్నారు.

"తెలీకపోతే ఎలాగ? పేరైనా సెప్పు, ప్రార్థన సేద్దుం."

ఆ మనిషి నిజంగా ఎక్కడో ఉందనుకుంది పెద్దమ్మ. చదువొచ్చిన ఇద్దరు ముగ్గురు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. టీచరమ్మ నవ్వలేదు, సరిదిద్దలేదు. ప్రార్థన విన్నపాల కాగితంలో, ఎవరికో కామెర్లు, ఎవరి కొడుక్కో ఉద్యోగం, వాటి కింద "జోళ్ళు లేని ఆవిడ" అని రాసుకున్నారు. నాలుగేళ్ళుగా ప్రతి గురువారం ఆవిడ కోసం ప్రార్థిస్తూనే ఉన్నాం.

అది కథే కదా అని ఒకసారి అడిగాను.

"ఆవిడ కాకపోతే అలాంటిదే ఇంకొకత్తె ఉంటుంది. ప్రార్థన ఊరికే పోదులే" అన్నారు.

ఆ ఇంకొకత్తె నేనే అవుతానని అప్పుడు తెలీదు. నాకు పదిహేడు నిండాయి. మే నెలలో విజయనగరంలో మావయ్యతో నా పెళ్ళని నాన్నగారు మాటిచ్చేశారు. మావయ్య నాకంటే పద్ధెనిమిదేళ్ళు పెద్ద. నేను వద్దనలేదు. మా ఇంట్లో వద్దనడం ఎవరికీ అలవాటు లేదు. టీచరమ్మకి మాత్రం చెప్పాను. ఆవిడ నర్సు ట్రైనింగు ఫారం తెచ్చి, జామీను సంతకం చేసి, జవాబు తన చిరునామాకి పంపమని రాశారు. నేను సంతకం పెట్టకుండా పెన్ను కింద పెట్టేస్తే మళ్ళీ చేతికిచ్చి, "భయం వేస్తే వెయ్యనీ. కాళ్ళకి పని చెప్పు" అన్నారు.

ఆ జవాబు ఇంకా రాలేదు. ఆవిడ గది తాళంచెవి ఇప్పుడు సంఘ పెద్ద దగ్గరుంది. సంఘ పెద్ద అంటే మా నాన్నగారే. ఇక మీదట ఆవిడ పేరున ఏ ఉత్తరం వచ్చినా తనకే ఇవ్వాలని ఆ ఇంట్లో అందరికీ, టపా అందుకునే పెద్దమ్మకి కూడా, చెప్పి వచ్చారు. టపా వేళ దాటాక నాన్నగారు ఇంటికొస్తే ముందు ఆయన చేతులే చూస్తున్నాను.

నిన్న సమాధి దగ్గర పెద్దమ్మ ప్రార్థన చేసింది. ఎప్పటిలాగే జోళ్ళు లేని ఆవిడ దాకా వచ్చి, ఒక మాట కలిపింది.

"ఇంకో పిల్ల కూడా ఉన్నాది తండ్రీ. పేరు నీకెరికే. దాని దారి కూడా సూడు."

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నాన్నగారే. నేను కళ్ళు తెరవలేదు.

వీధి తలుపు చప్పుడైంది. ముందు గదిలో నాన్నగారు ఏదో అడుగుతున్నారు. పెద్దమ్మ గొంతు. టీచరమ్మ బూట్లు గుమ్మంలోనే ఉండిపోయాయట, అమ్మాయికిద్దామని తెచ్చిందట. అడుగులు ఇటే వస్తున్నాయి. నా గది తలుపు తడుతున్నారు. తలుపు కింద సందులోంచి వట్టి కాళ్ళు కనిపిస్తున్నాయి. వాటి పక్కనే దింపిన నల్ల కాన్వాసు బూట్లు.

"తియ్యమ్మా. తొడుక్కునే ముందు లోపల సెయ్యెట్టి సూసుకో."

ఈ కాగితాలు దిండు గలీబులో పెట్టేసి తలుపు తీస్తాను...