ఒకరి మీద ఒకరు చెప్పిన చాడీలు

పోయిన మంగళవారం గుడివాడలో మేముంటున్న ఇంటికి ఆరోగ్య సర్వే అంటూ ఒక పిల్ల వచ్చింది. చేతిలో పలకంత ఫోను, మెడలో కార్డు, ఎండలో తిరిగి తిరిగి వాడిపోయిన ముఖం. అరవై దాటినవాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయండీ అంటూ కూర్చుని, రోజుకు ఎన్ని పూటలు తింటారు, కూరలు తింటారా, నమలడానికి ఇబ్బందిగా ఉందా, ఈమధ్య బరువేమైనా తగ్గారా అని వరసగా అడిగింది. మూడు పూటలూ తింటానమ్మా, ఏ ఇబ్బందీ లేదు అని నేనూ వరసగానే చెప్పేశాను. ఆ పిల్ల అన్నింటికీ టిక్కులు పెట్టుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. గేటు చప్పుడు విన్నాక గుర్తొచ్చింది, సరిగ్గా ఇలాంటి ప్రశ్నలే నేను ఉద్యోగమున్నంతకాలం ఊరూరా తిరిగి అడిగానని, ఇలాంటి జవాబులే రాసుకుని నిశ్చింతగా బస్సెక్కానని.

తొంభైల్లో నాకు నాగాయలంక దగ్గర ఒక పల్లెలో నర్సు ఉద్యోగం. మావారు ఆ పక్క ఊళ్లోనే బడిపంతులు. బందరులో మామగారు పోయాక అత్తగారు కూడా మా దగ్గరికే వచ్చేశారు. మామగారిదీ పంతులు ఉద్యోగమే కాబట్టి ఆవిడకు ఆ జీతాలూ, ఆ పొదుపులూ కొత్త కావు. కొత్తదల్లా ఊరు. వీధిలో అడుగుపెడితే ఎండుచేపల వాసన వచ్చే ఊళ్లో ఆవిడ మడీ, ఆచారమూ ఎలా సాగుతాయోనని నేను భయపడ్డాను గానీ, ఆవిడ వచ్చిన నెలలోపే ఊళ్లో అందరికన్నా ముందుగా స్నేహం చేసింది చేపలమ్మే ఒక పెద్దావిడతో.

ఆ చేపలావిడ తెల్లవారుతూనే రేవుకు వెళ్లి, గంప నింపుకుని, నాలుగు వీధులూ తిరిగి, మధ్యాహ్నానికి మా పెరటి మెట్ల మీద కూర్చునేది. అత్తగారు పైనుంచి మజ్జిగ పోసేవారు, ఆవిడ దోసిలిపట్టి తాగేది. ఇద్దరి మధ్యా మూడు మెట్ల దూరం ఎప్పుడూ ఉండేది, దాన్ని ఇద్దరూ తప్పు పట్టేవారు కాదు. మీ ఇంట్లో బేరం లేదు కాబట్టి మనసు విప్పి మాట్లాడుకోవడానికి బాగుంటుంది అనేదట ఆవిడ.

ఆవిడకు బీపీ ఉందని కనిపెట్టింది నేనే. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప ముట్టుకోవద్దు అని గట్టిగా చెప్పాను. తరువాత చూసినప్పుడల్లా బీపీ దిగుతూ వచ్చింది, బరువు కూడా తగ్గుతూ వచ్చింది, నేను రిజిస్టరులో బాగుంది అని రాసి లోలోపల గర్వపడ్డాను. నా మాట విన్న పేషెంట్లు అంత ఎక్కువమంది ఉండేవారు కాదు మరి. ఒక రోజు బస్సుల దగ్గర ఆవిడ కళ్లు తిరిగి గంపతో సహా పడిపోయిందని తెలిస్తే, ఎండదెబ్బ అనుకుని ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి పంపాను.

ఇంట్లో అత్తగారి భోజనం సంగతి నాకు తెలియదు. తెలియదు అని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పటి ఇళ్లలో అది వింత కాదు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, చివర వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని ఆవిడ తినేవారు. మామగారు పోయినప్పటినుంచీ అన్నం ఒక్క పూటే, రాత్రికి రెండు అరటిపళ్లు. మా వైపు చుట్టాలు ఆవిడ నిష్ఠను చెప్పుకుని చేతులు జోడించేవారు. ఆవిడ చేతి బంగారు గాజులు మోచేతిదాకా జారుతున్నాయని నేను చూశాను, పెద్దతనం అనుకున్నాను.

ఒక రోజు టీకామందులున్న ఐసుపెట్టె బస్సులో రాలేదు. పని లేక పన్నెండింటికే ఇంటికొచ్చి, పెరటివైపునుంచి లోపలికి వెళ్లబోతే, చేపలావిడ మెట్ల మీద ఆకు పరుచుకుని అన్నం తింటోంది. ఆకులో ఆ ఉదయం నేను వండిన దొండకాయ వేపుడూ, గోరుచిక్కుడు కూరా ఉన్నాయి. గుమ్మంలోపల అత్తగారు కంచంలో మజ్జిగన్నం కలుపుకుని జుర్రుతున్నారు, అందులో ఉప్పుగల్లు తప్ప ఇంకేమీ లేదు. నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు. ముందుగా నోరు విప్పింది చేపలావిడే.

“పెద్దమ్మగారు కూర తిని ఆర్నెల్లయిందమ్మా. దవడపళ్లు ఒక్కటీ లేవు. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు.”

అత్తగారికి కోపం వచ్చింది. ఒట్టు తప్పిన మనిషిని ఊరికే వదిలే స్వభావం కాదు ఆవిడది.

“నా సంగతి సరే, ఈవిడ సంగతి చెప్పనా? నీ మాట పట్టుకుని ఎండుచేప మానేసింది. మంచి చేపంతా అమ్మకానికే పోతుంది, ఇంట్లో ఆవిడకు మిగిలేది ఆ ఎండుదొక్కటే. అదీ నువ్వు తీసేశావు. చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని ఊరంతా తిరుగుతోంది. అందుకే పడిపోయింది.”

నేను సంచీ భుజాన ఉంచుకునే ఆ మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎండుచేప మానెయ్యమన్నాను గానీ, అది మానేస్తే ఏం తింటావని ఒక్క మాట అడగలేదు. తగ్గడం బాగుందని రాసుకున్న బరువు ఆ మనిషి ఒంట్లోంచి పోయిన బలం. నా కంచంలో రోజూ కూర వడ్డించే చెయ్యి తనకు ఏం వడ్డించుకుంటోందో చూడలేదు. ఒకరు నమలలేనిది ఇంకొకరికి పెట్టి, ఒకరి గుట్టు ఒకరు దాచి, ఆ ఇద్దరూ నాకు తెలియకుండా తమకు తోచిన వైద్యం తాము చేసుకుంటున్నారు.

ఆ తరువాత చేసినవి పెద్ద పనులేమీ కాదు. చేపలావిడను ఎండు నెత్తళ్ల చేపలు వేణ్నీళ్లలో రెండుసార్లు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండుకోమన్నాను, గంపలోంచి రోజుకు నాలుగు చిన్నచేపలు ఇంటికి తీసి ఉంచాకే వీధిలోకి దిగమన్నాను. అత్తగారిని బందరు తీసుకువెళ్లి పళ్లు కట్టించాను. ఆవిడ వాటిని బస్సులో అవనిగడ్డ దాకా పెట్టుకుని, మడికి పనికిరావని స్టీలు డబ్బాలో దాచారు, మళ్లీ తీస్తే ఒట్టు. అందుకని ఆనపకాయా, బీరకాయా మెత్తగా ఉడికించి పప్పులో మెదిపి నెయ్యి వెయ్యడం మొదలుపెట్టాం. రాత్రికి పాలల్లో నానిన అటుకులు ఫలహారమేనని ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది. చివర తినే అలవాటు మాన్పించలేకపోయాను, కాబట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో నేనే చివర ఆవిడ పక్కన కూర్చుని తినడం నేర్చుకున్నాను. మావారు తన కంచం తానే పెట్టుకోవలసి వచ్చి కొన్నాళ్లు గిన్నెలు చప్పుడు చేశారు. వేసవి వెళ్లేసరికి అత్తగారి గాజులు మణికట్టు దగ్గర ఆగాయి. చేపలావిడ మళ్లీ పడిపోలేదు.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మేమున్న ఈ ఇంట్లో దేనికీ లోటు లేదు. బ్యాంకునుంచి మా అమ్మాయి ఎనిమిదింటికి వస్తుంది, మనవడు తన గదిలో ఫోను చూస్తూ తింటాడు, అల్లుడిగారిది ఇంకో వేళ. అన్నీ హాట్‌బాక్సుల్లో బల్ల మీద ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు. ఎవరూ ఎవరినీ చివరిదాకా ఆగమనరు, చాటుగా తినమని అసలే అనరు, ఆ విషయంలో కాలం మంచిదే అయింది. కానీ ఎవరి కంచంలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఆ సర్వే పిల్లను నేను తప్పు పట్టను, నేను చెప్పిందే తను రాసుకుంది. నిజం చెప్పాలంటే కుడివైపు దవడపళ్లు రెండు తీసేయించుకున్నప్పటినుంచీ నేను రాత్రిపూట తినడం మానేశాను. మూడు నెలలైంది. ఆకలి లేదని ఒక మాట అంటే చాలు, అందరూ నమ్ముతున్నారు. ఒట్టు తప్పి వెళ్లి ఇంట్లోవాళ్లకు చెప్పేసే మనిషి నాకు ఏ మెట్ల మీదా లేదు, అందుకని నా మీద చాడీ నేనే మీకు ఇలా చెప్పుకుంటున్నాను.