వేడి మీద తీసిన దిమ్మలు

మా ఆయన రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డునున్న కలప అడితిలో వడ్రంగి. ఎగువ అడవుల నుంచి తెప్పలు కట్టి దింపిన దుంగలను చీల్చడానికి అక్కడ ఆవిరితో తిరిగే యంత్రం ఒకటి ఉండేది. దాని ఇరుసు రెండు ఇత్తడి దిమ్మల మీద తిరిగేది. నూనె పోస్తే రంపపు పొట్టు వచ్చి అంటుకుని, ముద్దకట్టి, ఇత్తడిని ఆకురాయిలా అరగదీసేది. పోయకపోతే ఇరుసు కాలి పొగ లేచేది. అందుకని యంత్రం తిరుగుతుండగానే ఒక మనిషి పక్కన కూర్చుని పొట్టు తుడుస్తూ, చెయ్యి లోపలికి పెట్టి ఆముదం పోస్తూ ఉండాలి. ఆ మనిషి మా ఆయనే. ఆయనకు ముందు ఆ పని చేసినతనికి ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆయన చేతులు క్షేమంగా ఇంటికి రావాలన్నదే ఆ రోజుల్లో నా పూజంతా. సాయంత్రం కాళ్ళకు నీళ్ళిస్తూ వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. పదీ కనబడితే లోపలికి వెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని.

ఒకనాడు అన్నం తింటూ ఆయనే అన్నారు.

"ఇత్తడి తీసేసి తుమ్మచేవ దిమ్మలు పెడితే ఎలా ఉంటుందంటావు? ఆముదంలో కాచి పెడతాను. కర్ర నిండా నూనె ఉంటే ఇరుసు వేడికి అదే చెమరుస్తుంది. దాని కందెన అదే ఇచ్చుకుంటుంది. ఇంక నేను చెయ్యి పెట్టడం దేనికి?"

"కర్ర అంత నూనె తాగుతుందా అండీ?"

"నీ వంకాయలు తాగట్లేదా ఏంటి" అని నవ్వారు.

అడితి యజమాని ఒక్కసారికి ఒప్పుకున్నారు. కుదరకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదన్నారు.

పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద మట్టి కాగు పెట్టి, ఆముదం పోసి, దిమ్మలు రెండూ ముంచి, తేలకుండా పైన రాయి పెట్టారు. పనికి పోతూ నాకు అప్పజెప్పారు.

"కర్రలోంచి బుడగలొస్తాయి. లోపలి చెమ్మా గాలీ పోతున్నట్టు. అవి ఆగాక మంట తీసెయ్యి. దిమ్మల్ని మాత్రం ముట్టుకోకు. ఆ నూనెలోనే పూర్తిగా చల్లారాలి. కాగేటప్పుడు కర్ర తాగదే, చల్లారేటప్పుడే లోపలికి లాక్కుంటుంది. గుర్తుంటుందా?"

"ఉంటుందండీ."

పొద్దెక్కేసరికి బుడగలు ఆగాయి. మంట లాగేశాను. అప్పుడే వీధి చివర ఒక మనిషి రావడం కనబడింది. తలకు గుడ్డ లేదు, ఎవరి అరుగుకూ దగ్గరగా నడవడం లేదు. చావు కబురు తెచ్చేవాళ్ళ నడక అది. కొవ్వూరులో మా ఆయన చిన్నాన్నగారు మంచాన ఉన్నారు. ఆయనే మా ఆయన చేతికి మొదట ఉలి ఇచ్చిన మనిషి. వస్తున్నది ఏ కబురో తెలిసిపోయింది.

చెవిన పడితే పది రోజులు మైల. మైల ఇంటి మట్టి పాత్రలన్నీ చివరికి పారెయ్యాలి, వాటిలో ఉన్నవాటితో సహా. అలాంటి దిమ్మలను ఎవరు యంత్రానికి తగలనిస్తారు? కానీ వినేదాకా మైల లేదని మా అమ్మ చెప్పేది. గుమ్మంలోకి పరిగెత్తాను.

"అక్కడే ఆగు నాయనా. నోరు విప్పకు."

"ఎంతసేపండమ్మా? ఇంకా మూడిళ్ళకి చెప్పాలండి. రేవులో పడవోడు నాకోసం కూకుంటాడా ఏంటి?"

"ఒక్క గడియ ఆగు."

"మీరు వినకపోతే పోయినాయన లేచొత్తాడా అమ్మా" అన్నాడు విసుగ్గా.

ఆ మాట నా చెవిన పడనే పడింది. పడనట్టే పెరట్లోకి వెళ్ళాను. పట్టకారుతో దిమ్మలు రెండూ పైకి తీసి, తడిగుడ్డ చుట్టి, పక్కింటి గోడ మీద పెట్టాను. గాలి తగలగానే అవి సన్నగా సుయ్యిమన్నాయి. దాహం మీద ఉన్నవాళ్ళ గొంతులాంటి చప్పుడు. తర్వాత వచ్చి, "ఇప్పుడు చెప్పు నాయనా" అన్నాను. చెప్పాడు. అక్కడి నుంచి అడితికి వెళ్ళి మా ఆయనకూ చెప్పాడు.

ఆయన అటునుంచి అటే పడవెక్కి కొవ్వూరు వెళ్ళి, మర్నాడు వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. గోడ మీద దిమ్మలను చూశారు.

"చల్లారాకే తీశావా?"

వేడి మీద తీశానంటే, తండ్రిలాంటి వాడి చావు కబురును వీధిలో నిలబెట్టానని కూడా చెప్పాలి.

"చల్లారాకేనండీ. కబురు ఆ తర్వాతే వచ్చింది."

అవి పక్కింటి గోడ ఎందుకెక్కాయో ఆయనకు అర్థమైంది. "నూనెకి మైలేంటే, పిచ్చిదానా. కాగు పగలగొట్టైనా తీసుకునేవాణ్ణి. పోన్లే, చల్లారాయిగా" అన్నారు. దిమ్మలకేసి చూస్తూ, "చిన్నాన్న చూస్తే మురిసేవాడు" అన్నారు.

మైల తీరాక దిమ్మలు బిగించారు. నాలుగు రోజులు ఇరుసు చప్పుడు లేకుండా తిరిగింది. చూడటానికి పక్క అడితుల వడ్రంగులు వచ్చారట. ఆ నాలుగు సాయంత్రాలూ నేను వేళ్ళు లెక్కపెట్టలేదు. అయిదో రోజు పైపై నూనె అయిపోయింది. పొడికర్ర కాలి పొగ వచ్చింది. దిమ్మ పగిలేలోపల ఆముదం పొయ్యబోయి, అలవాటు తప్పిన చెయ్యి పెట్టారు. కుడిచేతికి బొటనవేలు మిగిలింది.

ప్రాణం దక్కింది. యజమాని కాపలా పని ఇచ్చారు. ఇరుగుపొరుగు నెలరోజులు కూరా నారా పంపారు. వీటన్నిటికీ నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, పెట్టుకోవాలి కూడా. కానీ పెట్టిన దణ్ణం గడప దాటి పోవడం లేదనిపిస్తుంది. నిజం చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నప్పుడు ఆయన తల వంచుకునేవారు. అది చూసి ఇంకో ముద్ద కలిపేదాన్ని.

కొన్నాళ్ళకు పక్క అడితి వడ్రంగి ఒకతను ఆ పద్ధతి అడగడానికి వచ్చాడు. తానూ చేసి చూస్తానన్నాడు. మర్నాడు రమ్మని పంపేసి, మా ఆయన నన్ను పిలిచి కాగితం తెమ్మన్నారు. నాకు మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు.

"నోటితో చెబితే సగం వింటారు. రాయి. తుమ్మ దిమ్మకు నూనె లోపలికి పట్టదు. ఎంత జాగ్రత్తగా కాచినా, చల్లార్చినా పట్టదు. నేను చేసి చూశాను. ఎవరూ దీన్ని నమ్మి చేతులు పోగొట్టుకోవద్దు. తప్పు కర్రది కాదు, నా ఆలోచనది. రాశావా?"

"రాశానండీ."

"చదువు."

చదివాను.

"కింద నా పేరు పెట్టు" అన్నారు. పెట్టాను. మర్నాడు ఆ వడ్రంగి వచ్చి, గుమ్మంలో నిలబడి చదువుకుని, కాగితం మడిచి రొండిన దోపుకుని వెళ్ళిపోయాడు.