సులోచన గారి బుధవారాలు

అశోక్‌నగర్ మూల మీద మిర్చి బజ్జీల బండి అతను వాన మొదలవగానే పాత టార్పాలిన్ దులిపి కడతాడు. తడిసిన ఆ ప్లాస్టిక్ వాసన మా ఆఫీసు కిటికీ దాకా వస్తుంది. మొన్న సాయంత్రం ఆ వాసనకి రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాను. ఒకప్పుడు బుధవారాలు ఆ వాసనతోనే మొదలయ్యేవి. ఫాతిమా దుపట్టా కొంగులో, ఆమె కూతురి జడలో అదే ఉండేది.

ఎనిమిదేళ్ల కిందట చిక్కడపల్లిలో, ఒక మందుల దుకాణం పైన ఉన్న రెండు గదుల్లో డాక్టర్ సులోచన గారు క్లినిక్ నడిపేవారు. సర్కారు కొలువు నుంచి రిటైరైన మానసిక వైద్యురాలు. పుట్టి పెరిగింది దోమలగూడలోనే. ప్రతి బుధవారం, బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలను ఉచితంగా చూసేవారు. వాళ్లు నగరం అంచున ఎవరిదో ఖాళీ జాగాలో టార్పాలిన్ గుడిసెలు వేసుకుని ఉండేవారు. రెండు బస్సులు మారి వచ్చేవారు. నేను అప్పుడే సైకాలజీ చదువు ముగించి ఆవిడ దగ్గర కౌన్సెలర్‌గా చేరాను. తెలిసినదానికన్నా తెలుసనుకున్నదే ఎక్కువ.

అలా వచ్చినవాళ్లలో ఫాతిమా ఒకరు. ఆమె భాష మాలో ఎవరికీ రాదు. పదకొండేళ్ల ఆమె కూతురు మాత్రం ఇక్కడికి వచ్చాక ఉర్దూ నేర్చుకుంది. మొదటి రోజు ఆ పిల్లను మధ్యలో కూర్చోబెట్టి తల్లి సంగతులు అడగసాగాను. పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, వాళ్ల నాన్నను ఇంట్లోంచి ఎలా ఈడ్చుకెళ్లారో చెబుతోంది. నేను గబగబా రాసుకుంటున్నాను. సులోచన గారు తలుపు దగ్గర రెండు మాటలు విని, లోపలికి వచ్చి, పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చారు.

"గా పిల్ల వయసెంత లలితా?"

"పదకొండు, మేడమ్."

"వాళ్ల నాయనను ఎట్ల సంపిండ్రో గా పిల్ల నోటితోని చెప్పిస్తున్నవా? తల్లి ముందటనే?"

"ఇంకెవరికీ వాళ్ల భాష రాదు కదా మేడమ్..."

"రాకుంటే ఎతుకుదాం. అప్పటిదాంక ఏం అడగకు."

నా కాగితాలు ఆవిడే మడిచి సొరుగులో పెట్టేశారు. మరుసటి బుధవారానికి ఆ గుడిసెల్లోనే ఉంటున్న, ఉర్దూ తెలిసిన ఒక పెద్దావిడను వెతికి పిలిపించారు.

ఫాతిమాకు నిద్ర పట్టడం లేదు. కళ్లు గుంటలు పడ్డాయి. నేను అన్నీ రాసి, నిద్రమాత్ర అవసరమని చివర్లో చేర్చాను. డాక్టరు గారు కాగితం చదివి పక్కన పెట్టి, పెద్దావిడ ద్వారా ఫాతిమాను ఒక్కటే అడిగారు: నిద్ర రాదా, నిద్రపోవా? ఫాతిమా చాలాసేపు మాట్లాడింది. ఎండాకాలంలో పక్క వరుసలో గుడిసెలు కాలిపోయాయట. తను నిద్రపోతే పిల్లలను ఎవరు లేపుతారు? అందుకే కూర్చునే ఉంటోంది.

"ఇగ చెప్పు," అన్నారు నాకేసి తిరిగి. "గోలీ ఇస్తే మంట అంటుకున్ననాడు గూడ లేవదు. రాసియ్యమంటవా?"

కాగితం తీసుకుని ఆ చివరి వాక్యం కొట్టేశాను.

ఆ ఆదివారం డెబ్బై ఏళ్ల మనిషి, మోకాలి నొప్పితో, నన్ను వెంటబెట్టుకుని ఆటోలో అక్కడికి వెళ్లారు. జాగా యజమానిని పిలిపించి, "కిరాయి తీస్కుంటున్నవ్ గద అన్నా, గుడిసెల నడుమ జర తొవ్వ ఇడువు. మనుషులు ఉరకాలె గదా," అన్నారు. అతను విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆడవాళ్లంతా వంతులు వేసుకుని కాపలా ఉండేట్టు మాట్లాడుకున్నారు. మూడు వారాల తర్వాత, నాలుగు గంటలు పడుకున్నానని ఫాతిమా వేళ్లు చూపించింది. అప్పుడే ఆమె నవ్వు మొదటిసారి చూశాను.

అక్కడితో ఆపగలిగితే బాగుండేది. ఆ చలికాలం యజమాని జాగా అమ్ముకున్నాడు. రెండు రోజుల్లో గుడిసెలన్నీ పీకేశారు. ఫాతిమా పిల్లలను తీసుకుని ఏదో ఊరికి రైలెక్కిందని పెద్దావిడ చెప్పింది. ఏ ఊరో ఆమెకూ తెలియదు. సులోచన గారు ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏ జవాబూ రాలేదు.

నెల తిరిగాక రిజిస్టరులో ఫాతిమా పేరు ఎదురుగా 'చికిత్స మధ్యలో మానేసింది' అని రాశాను. అందరికీ అలాగే రాస్తాం. ఆవిడ అది చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆమె మానేసిందా?"

"రావడం లేదు కదా మేడమ్."

"ఎళ్లగొట్టిండ్రు. కొట్టేసి గట్లనే రాయి."

"రాస్తే ఏమవుతుంది మేడమ్?" ఆ ప్రశ్నలో నా అలసటే ఉంది.

"ఏం గాదు," అన్నారు. "నాకు తెల్వదా ఏంది? ఏం గాదు. కని తప్పు ఆమె మీద రాయకు."

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆ గదులు ఇప్పుడు ట్యూషన్ సెంటర్ అయ్యాయి. నేను అశోక్‌నగర్‌లో ఒక సంస్థలో పనిచేస్తున్నాను. పాలమూరు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు ఎక్కువగా వస్తాయి. మా ఫారంలోనూ 'మానేసినవారు' అనే గడి ఉంది. నేను దాన్ని కొట్టేసి పక్కన రాస్తాను: మేస్త్రీ సెలవు ఇవ్వలేదు. బస్తీ ఖాళీ చేయించారు. బిడ్డను చూసేవాళ్లు లేరు. గడిలో పట్టేట్టు రాయమని పైనుంచి ఫారాలు తిరిగొస్తుంటాయి. ఒక్కోసారి ఓపిక ఉండదు. టీ తాగి వచ్చి, మళ్లీ అదే రాసి పంపుతాను.