బాపు చూసిన పాటలు

మొన్న హైదరాబాదులో మా మనవరాలు నన్ను కాఫీ తాగుదామని ఒక హోటలుకు తీసుకెళ్లింది. గోడ మీద పెద్ద రికార్డు ప్లేయరు బొమ్మ. కప్పుల కింద పెట్టుకోవడానికి బల్లల మీద పాత రికార్డులు. పాట మాత్రం ఎక్కడో కనిపించని పెట్టెలోంచి వస్తోంది. బొమ్మలు గీసే చదువు చదువుతున్న పిల్ల కదా, దానికి అన్నీ అనుమానాలే. "అమ్మమ్మా, పాటలు వినే మిషన్లు ఎన్నో వచ్చినయి, పోయినయి. అందరూ దీని బొమ్మే ఎందుకేస్తరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు మా బాపు.

బాపు అంటే మా నాన్న. గోదావరిఖనిలో బొగ్గుబాయి పని, అంటే గని పని. డెబ్బయిల మొదట్లో మా క్వార్టర్ల వరసలో పెళ్లయినా, బోనాలయినా రికార్డులు పెట్టేది ఆయనే. అంచుల్లో రెక్సిను ఊడిపోయిన రికార్డు ప్లేయరు, ఒక యాంప్లిఫయరు, చెట్టుకు కట్టే రెండు హారన్లు. డ్యూటీ దిగి, ఎంత తోమినా చెవుల వెనక పోని బొగ్గు నలుపుతోనే తెల్ల అంగీ తొడుక్కుని ఆ పెట్టె ముందు కూర్చుంటే, పెళ్లి పెద్దల కంటే ఆయనే పెద్దగా కనిపించేవాడు.

ఆ మనిషికి చెవులు వినపడవని ముగ్గురికే తెలుసు. అవ్వకు, అంటే మా అమ్మకు. నాకు. బాపుతో జోడీగా పనిచేసే ఒక కుర్రాడికి. నేను అతన్ని కాకా, అంటే బాబాయి, అని పిలిచేదాన్ని. బాపు అంతకుముందు మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేశాడు. ఆ చప్పుళ్లకు చెవులు కొద్దికొద్దిగా పోయాయి. తర్వాత, బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పనికి మారాడు. కప్పు కూలే ముందు ఆ కర్రలు చిటచిటమంటాయి. విన్నవాడు ఉరుకుతాడు. వినలేనివాడని తెలిస్తే అన్‌ఫిట్టు అని రాసి ఇంటికి పంపుతారు, క్వార్టరు కూడా పోతుంది. అందుకని లోపల చప్పుడైతే కాక బాపు అంగీ పట్టి గుంజేవాడు. ఇంట్లో అవ్వ ఆయన ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, ఒక్కో మాటా నోరు తెరిచి మాట్లాడేది. అది చూసి వరసలో అందరూ ఆమెను గయ్యాళి అనుకునేవాళ్లు. ఆ పేరును అవ్వ కిమ్మనకుండా మోసింది.

రికార్డులు పెట్టడం మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు. పెడుతున్నంత కాలం చెవిటివాడని ఎవరూ అనుకోరు. కానీ భయంతోనే ఆయన ఆ పెట్టెను పట్టుకుని ఉన్నాడంటే నేను ఒప్పుకోను. రికార్డు మీద పాట కంటికి కనిపిస్తుంది. పాట ఉన్నచోట సన్నని గీతలు మసకగా ఉంటాయి, పాటకూ పాటకూ మధ్య నున్నగా మెరుస్తుంది. ముల్లు అంచున దిగి లోపలికి నడుస్తుంది. నడుమ ఉన్న రంగు కాగితం దగ్గరికి వచ్చిందంటే పాట అయిపోవచ్చిందన్నమాట. రేడియోలో పాట ఎంత మిగిలిందో చెవులున్నవాళ్లకు కూడా తెలియదు. బాపు పెట్టె అంచు మీద రెండు వేళ్లు ఆనించి డోలు దెబ్బ పట్టుకునేవాడు, తిరిగే పళ్లాన్ని చూసేవాడు, తర్వాత జనం ముఖాలు చూసేవాడు. ఆయనకు పాట అంటే ఆ మూడూ కలిసి.

ఒక ఎండాకాలం, బాయిలో బాపు మీద అధికారి అయిన ఓవర్‌మన్ సారు బిడ్డ పెళ్లి. అప్పగింతల వేళ మగపెళ్లివాళ్లు ఒక కొత్త రికార్డు తెచ్చి ఇది పెట్టమన్నారు. చిన్న రికార్డులు నిమిషానికి నలభై అయిదు చుట్ల వేగంతో, పెద్దవి ముప్పైమూడుతో తిరగాలి. ఈ కొత్తది చూడడానికి చిన్నదే గానీ, పెద్దవాటిలా నెమ్మదిగా తిరగాల్సిన రకం. బాపు అలవాటు కొద్దీ నలభై అయిదు మీద పెట్టాడు. ఏడిపించాల్సిన పాట కీచుగొంతుతో పరుగెత్తింది. పందిట్లో అందరూ గొల్లున నవ్వారు. పెళ్లికూతురు కూడా ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. చెవులున్న ఎవడైనా మొదటి మాటకే వేగం తగ్గించేవాడు. బాపు నవ్వుతున్న ముఖాలు చూసి, పాట నచ్చిందనుకుని, తానూ నవ్వాడు. ఆడవాళ్లను దాటుకుని నేను వెళ్లేలోపే సారు ఆయన వెనకే నిలబడి రెండుసార్లు, మూడుసార్లు పిలిచాడు. బాపు తిరగలేదు. సారు వంగి, తన చేత్తోనే ముల్లు ఎత్తాడు.

మర్నాడు పొద్దున సారు మా ఇంటికి వచ్చాడు. కాక అప్పటికే గడపలో కూర్చుని ఉన్నాడు. సారు స్టూలు బాపుకు ఎదురుగా జరుపుకుని, నెమ్మదిగా మాట్లాడాడు.

"నేను రాస్తే నీ నౌకరి పోతది. రాయకుంటే ఏదో ఒకనాడు నీ పానం పోతది. నన్నేం చెయ్యమంటవు చెప్పు."

"జర ఆగుండ్రి సారూ," అంది అవ్వ. "ఈ క్వార్టరు ఇడిసి మేం యాడికి పోవాలె?"

"నేను లేనా సారూ? నా చెవులు ఇద్దరికి సాల్తయి," అన్నాడు కాక.

బాపు కాక పెదవుల వంకే చూస్తున్నాడు. మాట అయిపోగానే సారు వైపు తిరిగాడు.

"నన్ను గుంజనీకి ఆగి వీడు సస్తడు సారూ," అన్నాడు. "తల్లి లేదు, తండ్రి లేడు, వీని చెల్లె ఇంకా సిన్నపోరి. వీడు పోతే దానికెవలున్నరు? రాయుండ్రి."

రాశారు. క్వార్టరు ఖాళీ చేసి ఒక గది ఇంటికి మారాం. కొన్నాళ్లు అవ్వ కూలికి పోయింది. చివరకు సారే తిరిగి తిరిగి బాపుకు బాయిపైన, లోపలికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో తక్కువ జీతం మీద పని ఇప్పించాడు. చెవిటివాడిని రికార్డులకు ఎవరు పిలుస్తారు? పెట్టె మీద అవ్వ పాత చీర కప్పింది. బాపు ఆదివారాలు దాన్ని తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ కప్పేవాడు. అది చూడలేక నేను బయటికి వెళ్లిపోయేదాన్ని.

డెబ్బయిలు దాటకముందే కాక చెల్లెకు పెళ్లి కుదిరింది. "రికార్డులు మా అన్ననే పెట్టాలె" అని పట్టుబట్టి, కాక ఆ పెట్టెను తానే నెత్తిన పెట్టుకుని మోసుకుపోయాడు. రోజంతా బాపు పక్కనే నిలబడి వేగం సరిగ్గా ఉందో లేదో చేత్తో సైగ చేశాడు. తీరా అప్పగింతలప్పుడు చెల్లె చేయి పట్టి అప్పజెప్పాల్సింది తనే కనుక వదిలి వెళ్లక తప్పలేదు. పాట మొదలైంది. చెప్పేవాడు లేక బాపు పక్కనే ఉన్న నావైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. చెల్లెను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్న కాకను చూస్తున్నాడు.

"వాడు ఏడుస్తుండు బిడ్డా. పాట మంచిగనే వస్తుంది," అన్నాడు.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. "దాంట్ల పాట కనపడుతది బిడ్డా," అని మాత్రం అన్నాను. బాపు పోయి చాలా కాలమైంది. కాక మాత్రం మొన్నమొన్నటి దాకా ఉన్నాడు. జుట్టు నెరిసి, పళ్లు ఊడి, మనవల మీద విసుక్కుంటూ, ఎండలో మంచం వేసుకుని కునుకు తీస్తూ. బొగ్గుబాయిలో దిగిన మనిషి అంత ముసలివాడు కావాలంటే ఎవరో ఒకరు తమ బతుకులోంచి కాలం తీసి ఇవ్వాలి. కాకకు ఇచ్చింది, రాయుండ్రి అని తన నౌకరి వదులుకున్న మా బాపు.