పేరు ముందు చుక్క

సామేలును సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లో అతని ఫోల్డర్ తెరిస్తే, పొద్దున లేని ఫోటో ఒకటి అందులో కనిపించింది. ఫోల్డర్ చివరిసారి ఎప్పుడు మారిందో చూశాను. ఆ రోజే, మధ్యాహ్నం పన్నెండుంబావుకు. ఆ సమయానికి మేమందరం మిషన్ సమాధుల దొడ్లో ఉన్నాం. నేను అతని పెట్టె మీద మట్టి వేస్తున్నాను. ఆఫీసు తాళంచెవి నా జేబులో ఉంది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. పల్లెల నుంచి అలాంటి వార్తలు వస్తే, చూసిందెవరు, అప్పటికి తాగి ఉన్నాడా లేదా అని అడిగి పక్కన పెట్టేసేవాణ్ణి. ఇది రాస్తున్నప్పుడు కూడా అవే ప్రశ్నలు నాకు నేను వేసుకుంటున్నాను.

అవి ఇనుప రాయికి గిరాకీ పెరిగి, బళ్లారి రోడ్లన్నీ లారీలతో నిండిపోయిన ఏళ్లు. ఉతికి ఆరేసిన చొక్కా సాయంత్రానికి ఎర్రగా ఉండేది. మా పేపరు ఆఫీసు కౌల్ బజార్లో ఒక బట్టల కొట్టు మీద ఒకే గది. నేను విలేకరిని, సామేలు ఫోటోగ్రాఫరు. ఇద్దరమే. కంప్యూటర్లో లినక్స్ వేయించింది అతనే. వైరస్ బాధ ఉండదని.

ఫోటోలకు పేర్లు పెట్టడంలో మాకో పద్ధతి ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో ఊరు, విషయం, వాటి మధ్య ఖాళీ వదలకుండా కింద గీత. ఖాళీ ఉంటే హెడ్డాఫీసు డెస్క్‌లో ఫైలు తెరుచుకునేది కాదు. సామేలు చివర్లో ఇంకో మాట చేర్చేవాడు. ఆ రోజు ఆ ఊళ్లో ఎవరు ఏం పెడితే అది. కురుగోడు కాలువ ఫోటో చివర మిర్చి, తెక్కలకోట బస్టాండు ఫోటో చివర ఉగ్గాని. డెస్క్ వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు.

"ఊరు మర్సిపోతానేమో గానీ, పెట్టిన చెయ్యి మర్సిపోనప్పా" అనేవాడు.

ఫైళ్లు దాచడం నాకు నేర్పింది కూడా అతనే. కూతురి స్కూలు ఫోటోలు ఆఫీసు కంప్యూటర్లో ఉంచుకుని, ఎవరికీ కనపడకుండా వాటి పేర్ల ముందు చుక్క పెట్టాడు. లినక్స్‌లో పేరు చుక్కతో మొదలైతే ఫైల్ మేనేజర్ ఆ ఫైలును చూపించదు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితేనే కనిపిస్తుంది. పేరు మారిస్తే ఫైలు తేదీ మారదని, అది ఉన్న ఫోల్డర్ తేదీ మాత్రం మారుతుందని అప్పుడే చెప్పాడు.

ఆ రోజుల్లో సరిహద్దు కొండ దిగువన హనుమప్ప అనే రైతుకు కొంచెం మెట్ట చేను ఉండేది. చేనుకూ గనికీ మధ్య హద్దు రాయి. రాయి పక్కనే వేపచెట్టు. మేము ఇంకేదో వార్త కోసం వెళ్లినప్పుడు సామేలు ఆ రాయిని, చెట్టును, చేనును కలిపి చాలా ఫోటోలు తీశాడు. హనుమప్ప భార్య మాకు చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు రాయి చేను మధ్యలోకి వచ్చింది. వేపచెట్టు లేదు. రాయి మొదటి నుంచీ అక్కడే ఉందని గని వాళ్లు అన్నారు, సర్వే చేసినవాళ్లూ అన్నారు. రాయి ముందు ఎక్కడుండేదో చూపించే సాక్ష్యం మా ఫోటోలు ఒక్కటే. హనుమప్ప పరుగున మా ఆఫీసుకు వచ్చాడు.

సామేలు కెమెరా కార్డు చెడిపోయిందన్నాడు. కంప్యూటర్లోకి ఎక్కించక ముందే పోయిందన్నాడు. నా ఎదురుగానే ఫోల్డరంతా వెతికాడు. నేనూ వెతికాను. దొరకలేదు. నాకు అనుమానం రాలేదు. ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న మనుషులం. హనుమప్ప ఊరికి పోయి ఆ మాట చెప్పింది నేనే.



"నువ్వు చెప్తాండావని నమ్ముతాండానప్పా" అన్నాడు హనుమప్ప. "ఆ సామేలప్ప చెప్పింటే నమ్మేవాణ్ణి కాదు."

వానలు రాకముందే చేను సగం గోతిలో కలిసిపోయింది.

ఆ తర్వాతి ఏడు సామేలు తెక్కలకోటకు పోతూ బస్సులోనే గుండె ఆగి చనిపోయాడు. సమాధి రోజు పొద్దున డెస్క్ వాళ్లు అతని బొమ్మ అడిగితే, ఫోల్డర్ తెరిచి వెతికి పంపాను. కంప్యూటర్ ఆపి, తాళం వేసి చర్చికి పోయాను. సాయంత్రం వాళ్లే మళ్లీ ఫోన్ చేసి, అతను తీసిన మంచి ఫోటో ఒకటి పంపమన్నారు. అందుకే రెండోసారి తెరిచాను.

కొత్తగా కనిపించిన ఫోటోలో హద్దు రాయి ఉంది. పక్కన వేపచెట్టు ఉంది. పేరు చివర మజ్జిగ అని ఉంది. ఫోటో తేదీ పాతదే, మేము హనుమప్ప చేనుకు పోయిన రోజుది. మారింది ఫోల్డర్ తేదీ.

కంట్రోల్, హెచ్ నొక్కాను. ఆ రోజు తీసిన మిగతా ఫోటోలన్నీ వరుసగా వచ్చాయి. అన్నిటి ముందూ చుక్క, అన్నిటి చివరా మజ్జిగ. చుక్క పోయింది ఆ మొదటిదానికి ఒక్కదానికే. కార్డు చెడిపోలేదు. నా ఎదురుగా కూర్చుని వెతుకుతున్నట్టు నటించిన రోజు కూడా అవి అక్కడే, ఆ తెర మీదే ఉన్నాయి.

పొద్దుటి నుంచి ఏడవని వాణ్ణి, అప్పుడు ఏడ్చాను. పోయినవాడి కోసం కాదు.

తర్వాత విలేకరి పని చేశాను. గది రెండో తాళంచెవి ఇంటి ఓనరు దగ్గర ఉండేది. ఆయన సమాధి దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. ఆ పూట బజార్లో కరెంటు లేదని కింద కొట్టు సేట్ చెప్పాడు. కంప్యూటర్ గడియారం సరిగ్గానే ఉంది. సామేలు భార్యను అడిగాను. ఆమెకు ఫోటోల సంగతే తెలియదు. వాళ్ల ఇంట్లో కొత్త వస్తువంటూ ఏమీ లేదు. ఎవరైనా బెదిరించారో, ఆశ పెట్టారో, నాకు ఈ రోజుకూ తెలియదు.

ఫోటో అచ్చు వేయించి హనుమప్పకు తీసుకుపోయి ఇచ్చాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను ఫోటోలోని వేపచెట్టు మీద వేలు పెట్టి రుద్దాడు, దుమ్ము పడిందేమో అన్నట్టు.

"సచ్చినాక తెచ్చిచ్చినాడంటావు. బతికినప్పుడు ఏమొచ్చింది ఆయప్పకు? మా ఇంట్లో మజ్జిగ తాగినాడు గదప్పా."

లోపల్నుంచి అతని భార్య, ఆ మాట ఎత్తొద్దని అతన్ని కసిరింది.

ఆ ఫోటోతో హనుమప్ప సర్వే మీద వేసిన అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. తీసినవాడు వచ్చి చెప్పాలని అవతలి లాయరు ప్రతి వాయిదాకూ అడుగుతాడు. రాయి జరిపిన చోటే ఉంది.

ఆఫీసు వాళ్లు పాత కంప్యూటర్ తీసేస్తుంటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టలేదు, దేని పేరూ మార్చలేదు. మారిస్తే ఆ పన్నెండుంబావు పోతుంది. మిగతా ఫోటోల ముందు చుక్కలు అలాగే ఉన్నాయి.